ట్రై చేస్తామని చెప్పొద్దు

నాకు ఒక ఇంగ్లీషు క్రియ మీద పగ ఉంది. మనుషుల మీద కోపం వస్తే రెండు రోజుల్లో చల్లారిపోతుంది. ఈ మాట మీది కోపం మాత్రం చల్లారడం లేదు. ఆ మాట ‘ట్రై’. ఇంగ్లీషు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి దాన్ని రోజూ నోట్లో వేసుకోక తప్పదు, అది నా ఖర్మ.

శంషాబాద్‌లో మా వీధిలో ఆ మాట వినపడకుండా ఒక్క పూట గడవదు. నల్లా కారుతోందని ప్లంబర్‌కి ఫోన్ చేస్తే ‘ట్రై చేస్తనక్కా’ అంటాడు. అంటే రాడు. పెళ్లికి పిలిస్తే ‘ట్రై చేస్త వదినా’ అంటుంది ఒకావిడ. ఆవిడకు విస్తరి వేయక్కర్లేదు. ఇల్లు కిరాయికి అడిగితే ‘ట్రై చేద్దాం, ఫోన్ చేస్త’ అంటాడు యజమాని. ఆ ఫోన్ ఈ జన్మకు రాదు. లేదని మొహం మీద చెప్పలేని వాళ్లందరికీ ఈ ఒక్క మాట చాలు. మా అమ్మ కాలంలో ఇలాంటివాళ్లు కనీసం నీళ్లు నమిలేవారు, చూడగానే సంగతి తెలిసిపోయేది. ఇప్పుడు ఆ నమిలే ఓపిక కూడా లేదు, టక్కున ఇంగ్లీషులో తప్పించుకుంటున్నారు.

నేనూ తప్పించుకున్నాను. ఒకటి రెండు సార్లు కాదు, మూడేళ్లపాటు. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

పాత బస్టాండుకు పోయే దారిలో ఒక కిరాణా కొట్టు పైన రెండు గదుల్లో మా ట్రైనింగ్ సెంటర్ ఉండేది. విమానాశ్రయంలోనూ దాని చుట్టుపక్కల కంపెనీల్లోనూ దొరికే ఉద్యోగాలకు సరిపడా ఇంగ్లీషు నేర్పేవాళ్లం. షాద్‌నగర్ నుంచి, మంఖాల్ నుంచి పిల్లలు బస్సులు మారి మారి వచ్చేవారు. విమానం నెత్తి మీదుగా పోయేటప్పుడు పాఠం ఆపి, అది పోయాక మళ్లీ అందుకునేదాన్ని. సెంటర్ యజమాని ఒక సారు. కోస్తా మనిషి, ఎంత కోపంలోనైనా ‘అండీ’ విడిచేవాడు కాదు. మెట్ల దగ్గర ఆయన కట్టించిన బోర్డు ఒకటి ఉండేది: ‘మేము పంపిన ప్రతి ఒక్కరికీ ఉద్యోగం’.

ఆ బోర్డులో అబద్ధం లేదు. గమ్మత్తంతా అక్కడే ఉంది. ఏదైనా కంపెనీ ఇంటర్వ్యూ ఉందంటే రెండు రోజుల ముందు అందరినీ ఒక్కొక్కరిగా నిలబెట్టి ఒక్క నిమిషం ఇంగ్లీషులో మాట్లాడించేవాళ్లం. బాగా మాట్లాడినవాళ్ల పేర్లే జాబితాలో మిగిలేవి. మిగతావాళ్ల పేర్లు పెన్నుతో కొట్టేసేవాళ్లం. ఉద్యోగం ఎలాగూ వచ్చేవాళ్లనే పంపితే పంపిన ప్రతి ఒక్కరికీ రాక ఏం చేస్తుంది? కొట్టేసే పెన్ను నాది. కొట్టేసినవాళ్లకు ‘నెక్స్ట్ టైమ్ ట్రై చేద్దాం’ అని చెప్పే నోరూ నాదే.

ఆ సెంటర్‌కి ఒక అక్క వచ్చింది. నలభై దాటింది, నాకంటే పదేళ్లు పెద్ద. గగన్‌పహాడ్‌లో ఒక పప్పు మిల్లులో ఇరవై ఏళ్లు కందిపప్పులో రాళ్లూ మట్టిబెడ్డలూ ఏరే పని చేసింది. గింజ రంగు చూసి తనంతట తనే ఏరిపారేసే మిషన్ ఒకటి మిల్లులో దిగేసరికి వరసగా కూర్చునే ఆడవాళ్లందరినీ ఇంటికి పొమ్మన్నారు. విమానాలకు భోజనాలు కట్టి పంపే పెద్ద కిచెన్ ఒకటి ఉంది కదా, అక్కడ సరుకు దించే చోట పప్పులూ బియ్యమూ కూరగాయలూ చూసి తీసుకునే పని ఉందని ఆమె ఎవరి దగ్గరో విన్నది. ఇంగ్లీషు కావాలన్నారట. డబ్బాల మీద చీటీలు చదవాలి, కాగితం నింపాలి.

“నాకు గా పనే గావాలె మేడం. పప్పు సంగతి నాకంటె ఎవలికెరుక? గా నాలుగు ఇంగ్లీషు ముక్కలు నువ్వు చెప్తె సాలు” అంది మొదటిరోజే. నన్ను మేడం అంటుంది, నువ్వు అంటుంది. ఆ రెండూ కలిపి వింటే నాకు భలే బాగుండేది.

క్రియకు మూడు రూపాలు బట్టీ పట్టించి వదిలేయడం నాకు నచ్చదు. ఒకరోజు ‘ట్రై’ వంతు వచ్చింది. దాని మీద కసి ఉంది కదా, ముందురోజే డిక్షనరీ తీసి కూపీ లాగాను. ట్రై, ట్రైడ్, ట్రైడ్ అని బోర్డు మీద రాసి, తర్వాత ‘టు’ వస్తే ఒక అర్థం, ‘ఇంగ్’ ఉన్న క్రియ వస్తే ఇంకో అర్థం అని చెప్పాను. ‘ట్రై టు ఓపెన్ ద డోర్’ అంటే తలుపు తీయడానికి కష్టపడు, వస్తుందో రాదో తెలియదు. ‘ట్రై ఓపెనింగ్ ద డోర్’ అంటే తలుపు తీసి చూడు, కాస్త గాలి ఆడుతుందేమో. చెబుతూ చెబుతూ ఉంటే నాకే తట్టింది, ఈ రెండోది మన ఇళ్లలో రోజూ అనే మాటే. తిని చూడు, వేసి చూడు, అడిగి చూడు. మన దగ్గర పని ముందు, చూడటం తర్వాత. ‘ట్రై చేస్తా’ అనే దాంట్లో పని ఎక్కడుందో వెతుక్కోవాలి.

“అసలు ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. అంతకు ముందు ఎక్కడ పుట్టిందో పండితులకే తేలలేదు. వచ్చిన కొత్తల్లో దీనికి ప్రయత్నం అనే అర్థమే లేదు. ఏరడం, జల్లించడం, మంచీ చెడూ వేరు చేయడం, ఇదీ అర్థం. కోర్టులో ట్రయల్ అంటారే, అదీ ఇందులోంచి వచ్చిందే, నిజమేదో అబద్ధమేదో ఏరడం. ఆ తర్వాత పరీక్ష చేసి చూడటం అయింది. ప్రయత్నం అనేది ఆఖరున వచ్చి చేరింది” అని చెప్పాను.

వెనక బెంచీలోంచి అక్క చెయ్యెత్తింది. “అట్లయితె మేడం, ఇరవై ఏండ్ల సంది నేను గదే చేసిన” అంది.

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వి, మిల్లు సంగతి ఎత్తుకుంది. “నవ్వకున్రి, ఇనున్రి. పొద్దుమీకి, పని దిగే యాళ్లకు మేస్త్రి వచ్చి, ఏరిన రాళ్లు చూపియ్యమంటుండె. ఎవల రాళ్లు తక్కువుంటె వాళ్లు పని చెయ్యనట్టు లెక్క. మరి పప్పు సాఫ్‌గ వచ్చిన దినం రాళ్లు ఏడికెళ్లి తేవాలె?”

“ఏం చేసేవాళ్లు అక్కా?” అన్నాను.

“ఏం జేస్తం! సడక్ మీద ఏరి కొంగుల ముడేస్కోని పోతుంటిమి. మంచి పప్పు గూడ రాళ్లున్నట్టె చూపెడుతుంటిమి. ఒకపారి ఒకామె ఎర్రరాళ్లు తెచ్చింది. గా పప్పుల ఎర్రరాయి ఎన్నడు రాదు. మేస్త్రికి దొరికిపాయె, పాపం!”

ఆ రోజు పాఠం ఇక సాగలేదు. ఇంటికి పోయేటప్పుడు కూడా పిల్లలు ఎర్రరాయి, ఎర్రరాయి అంటూ మెట్లు దిగారు.

నెల తిరిగేసరికి ఆ కిచెన్‌లో ఇంటర్వ్యూ అని కబురొచ్చింది. అక్కకు కావలసిన పనే. మామూలుగానే అందరినీ నిలబెట్టాము. అక్క ‘మై సెల్ఫ్’ అని మొదలుపెట్టి, ఊరు చెప్పి, మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. నాలుక మడతపడింది. చెమట తుడుచుకుని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది, మళ్లీ అక్కడే ఆగింది.

“ఆవిడ వయసు చూడండి. నోరు తిరగట్లేదు కూడానూ. మన బోర్డు పోతుందండీ. నెక్స్ట్ టైమ్ ట్రై చేద్దామని మీరే మంచిగా చెప్పేయండి” అన్నాడు సారు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

కొట్టేశాను. ఇప్పుడు ఎంత పౌరుషంగా రాస్తున్నా ఆ రోజు మాత్రం మారు మాట్లాడకుండా కొట్టేశాను. అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. జాబితాలో తన పేరుందా అని అడిగింది. “నెక్స్ట్ టైమ్ ట్రై చేద్దాం అక్కా” అన్నాను.

ఆమె మెట్టు మీంచి లేచి కొంగు దులుపుకుంది. “నీకు గూడ పొద్దుమీకి రాళ్లు చూపియ్యాల్నా మేడం?” అంది.

ఎగతాళి కాదు. నిజంగా జాలిపడి అడిగింది, తోటి కూలిదాన్ని అడిగినట్టు. నాకు ఒళ్లంతా మండిపోయింది. ఆమె మీద కాదు, నా మీద. మూడేళ్లుగా మంచి గింజల్ని రాళ్లని చూపించి జీతం తీసుకుంటున్నాను, అది నాకు చెప్పడానికి పప్పు మిల్లు మనిషి రావలసి వచ్చింది.

గబగబా పైకి వెళ్లాను. జాబితా ఇంకా బల్ల మీదే ఉంది. కొట్టేసిన పేరు కింద ఆమె పేరు మళ్లీ పెద్ద అక్షరాలతో రాశాను.

“ఏంటండీ ఇది? ఆవిడకు రాదు, మీకూ తెలుసు” అన్నాడు సారు.

“రాకపోతే రాదు. ఆ సంగతి వాళ్లు చెబుతారు. మనమెవరం?”

“మరి బోర్డండీ?”

“దించేయండి. లేకపోతే ‘రాదనుకున్నవాళ్లను మేము పంపం’ అని కూడా దాని మీదే రాయించండి.”

ఆయన మొహం ఎర్రబడింది. అయినా ‘అండీ’ పోలేదు. “అలాగైతే ఆవిడ మన స్టూడెంట్ కాదండీ. మా సెంటర్ పేరు చెప్పొద్దు” అన్నాడు.

“అలాగైతే నేనూ మీ టీచర్ని కాను” అని బ్యాగు తీసుకుని దిగాను. ముందే అనుకున్న మాట కాదది, నోట్లోంచి వచ్చేసింది. కింద కిరాణా కొట్టు దాటేలోపే భయం మొదలైంది. కానీ వెనక్కి పోలేదు.

ఇంటర్వ్యూ రోజు అక్కను నా స్కూటీ మీద తీసుకెళ్లాను. గేటు దగ్గర ఇచ్చిన కాగితంలో ‘ఏ సెంటర్ పంపింది’ అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలేశాం. గార్డు సణిగాడు, ఎవరికో ఫోన్ చేశాడు, చివరికి లోపలికి పొమ్మన్నాడు. ఇంటర్వ్యూ గది తలుపు తెరిచే ఉంది, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి, జుట్టుకు నెట్ టోపీ. అక్క మొదటి వాక్యం చెప్పింది, రెండోది చెప్పింది, మూడో దగ్గర ఆగిపోయింది.

“ఓకే అండీ. ట్రై చేస్తాం. ఫోన్ చేస్తాం” అంది ఆ అమ్మాయి.

అక్క లేవలేదు. “అయితదా, కాదా?” అంది.

“చెప్పాను కదండీ, ట్రై చేస్తాం.”

“ట్రై వద్దు బిడ్డా. రావాల్నా, వద్దా? గదొక్కటి చెప్పు. నేను ఫోను చేతుల వట్టుకోని ఎన్ని దినాలు కూసుండాలె?”

ఆ అమ్మాయిని అంతకు ముందు ఎవరూ అలా అడిగి ఉండరు. పెన్ను మూత తీసింది, పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, “లేదండీ. లేబుల్స్ చదవాలి, షీట్ నింపాలి. మీకు ఇంకా రాలేదు” అంది.

“మల్ల ఎప్పుడు తీస్కుంటరు?”

“రెండు నెలలకి.”

“అప్పటికి నేర్సుకోని వస్త” అని అక్క లేచి నమస్తే పెట్టింది.

దారిలో చాయ్ బండి దగ్గర ఆగాం. అక్కడ ఏడ్చింది. దాచుకోకుండా, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ ఏ మొహం పెట్టుకుని ఏడవను? చాయ్ చల్లారాక ఆమే తేరుకుంది. “లేదన్నది గని మంచి పిల్ల. సాఫ్ చెప్పింది. రేపటికెళ్లి నాకు గా లేబుల్లే చెప్పు, ఆ మై సెల్ఫ్ గిట వద్దు” అంది.

ఆ సాయంత్రం నేను చేసిన పని ఒకటుంది. నా ఫోన్‌లో పాత విద్యార్థుల నంబర్లన్నీ ఉన్నాయి. ఎవరెవరి పేర్లు కొట్టేశానో గుర్తు చేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. “నిన్ను పంపకపోవడం కంపెనీ చేసింది కాదు, నేను చేశాను. మళ్లీ నేర్చుకుంటావా? మా ఇంట్లో చెబుతాను” అన్నాను. మొదట ఎత్తిన మంఖాల్ అమ్మాయి నాకు గడ్డి పెట్టింది. “ఫోనొస్తదని ఏడాది సంది ఏ పనిల చేరలే మేడం. ఇప్పుడా చెప్పేది?” అని అరిచింది. అరవనిచ్చాను. ఆమెకు ఆ హక్కుంది. మర్నాడు అందరికంటే ముందు వచ్చింది కూడా ఆమే. అక్క కాక ఎనిమిది మంది వచ్చారు.

మా ముందుగదిలో చాప పరిచి మొదలుపెట్టాం. నేను బోర్డు మీద లేబుల్ మాటలు రాసి బట్టీ పట్టిస్తుంటే రెండో రోజే అక్క అడ్డుపడింది. వీధిలో అందరి ఇళ్లలోంచీ ఖాళీ పాకెట్లూ డబ్బా చీటీలూ పోగుచేసి తెచ్చి చాప మధ్యలో కుప్ప పోసింది. “ఏరున్రి” అంది. తేదీ దాటినవి ఒక కుప్ప. చల్లగా పెట్టాల్సినవి ఒక కుప్ప. గడ్డకట్టించి ఉంచాల్సినవి ఒక కుప్ప. చదవకుండా ఏరడం కుదరదు కదా, అందరూ చచ్చినట్టు చదివారు. ఎవరైనా తప్పు కుప్పలో వేస్తే అక్క వేళ్లు ఠక్కున అక్కడికి పోయేవి. మూడు వారాలకు ఆమె ‘బెస్ట్ బిఫోర్’ని, ‘కీప్ ఫ్రోజెన్’ని నాకంటే ముందు చదివేసేది. స్పెల్లింగు అడిగితే మాత్రం నన్నే తిట్టేది. ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పిన నాకు ఇంత చక్కటి పద్ధతి ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

రెండు నెలలకు తొమ్మిది మంది కలిసి వెళ్లారు. నేను కూడా వెళ్లాను. గేటు దగ్గర అదే గార్డు, అదే కాగితం. “ఎవరు పంపిన్రు మిమ్మల్ని?” అన్నాడు.

“ఎవ్వలు పంపలే. మేమే వచ్చినం. గా గడిల గదే రాస్కో” అంది మంఖాల్ అమ్మాయి. నా మీద అరిచిన గొంతుతోనే అంది, ఈసారి నాకు ఆ గొంతు ఎంతో ముద్దొచ్చింది. గార్డు ఏం రాసుకున్నాడో తెలియదు కానీ తొమ్మిది మందినీ లోపలికి వదిలాడు.

మొదటి పిలుపు అక్కకు. అదే గది, అదే అమ్మాయి. అక్కను గుర్తుపట్టింది. ఈసారి ఉత్త మాటలు కాకుండా బల్ల మీద ఏడెనిమిది డబ్బాలు పెట్టి, ఒక కాగితం ఇచ్చి నింపమంది. అక్క కళ్లజోడు పెట్టుకుంది. డబ్బాలు తిప్పి తిప్పి చూసింది, పెదవులు కదుపుతూ చదివింది, రాసింది. నాకు తెలిసి ఆ కాగితంలో రెండు మాటలకైనా స్పెల్లింగు తప్పు ఉండి ఉంటుంది. ఒక డబ్బాను పక్కకు జరిపి, “ఇది తీస్కోకున్రి, తారీకు పోయింది” అంది. ఆ అమ్మాయి ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని చూసుకుంది.

“సోమవారం పొద్దున ఆరింటికి రండి” అంది.

“పనికి రమ్మంటున్నవా? మల్ల చూస్తమంటున్నవా?”

“పనికేనండీ. యూనిఫాం ఇస్తాం.”

బెంచీ మీద నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను, అరవకుండా. తొందరగా బయటికొచ్చి నన్ను పట్టుకుంటుందనుకున్నాను. అక్క కుర్చీలోంచి కదలలేదు. కళ్లజోడు తీసి మడిచి సంచీలో పెట్టుకుంది.

“బయట ఇంకో ఎనిమిది మంది ఉన్నరు బిడ్డా. వాళ్లల్ల ఎవలినన్న తీస్కుంటె తీస్కో, వద్దంటె వద్దను. అయితె అయితదని చెప్పు, కాకుంటె కాదని చెప్పు. నాకు చెప్పినట్టె వాళ్లకు గూడ మొఖం మీదనే చెప్పు. ట్రై చేస్తమని మాత్రం ఒక్కలకు గూడ చెప్పకు. చెప్తె నేను సోమారం రాను.”

ఆ అమ్మాయి లేచి తనే తలుపు దాకా వచ్చి రెండో పేరు పిలిచింది.